టాబ్లెట్ ఎదగదు వదినా!

మార్చి 4

మా ఇంటి పిడుగుకి,

వదిన ఆశీస్సులు. కొండ మీద టవరు కూలి నీ ఫోను మూగపోయిందని మీ పవర్ హౌస్ సామాన్ల బండి డ్రైవరు చెప్పాడు. ఇక్కడ మీ అన్నయ్య కూడా మూగపోయాడు. రెండూ ఒకే వారంలో జరిగాయంటే మీ వంశం మీద ఎవరి కన్నో పడిందన్నమాట.

కంగారు పడకు. గొంతులో చిన్న కాయ ఉందని చెప్పానుగా, అది తీసేశారు. చెడ్డదేం కాదట. బస్టాండులో ఇన్నేళ్ళు బస్సుల వేళలు చెప్పిన గొంతు, చేతిలో మైకు ఉన్నా మైకు లేనట్టే అరిచిన గొంతు, కాయ కాయక పూలు పూస్తుందా? డాక్టరు ఒక్కటే చెప్పాడు. తను సరే అనేదాకా ఆయన ఒక్క మాట కూడా అనకూడదు. గుసగుస అసలే వద్దట, అరుపు కంటే అదే చేటట. ఈలోగా నోరు జారితే గొంతు ఎప్పటికీ బొంగురుగానే ఉండిపోవచ్చు. బొంగురు గొంతుకి బస్టాండులో ఉద్యోగం ఉండదు. అదీ మా భయం.

డిపో వాళ్ళు మంచివాళ్ళు. వాడేసి పక్కన పడేసిన ఒక పాత టాబ్లెట్ ఇచ్చారు. పలకంత ఉంటుంది. దాని మీద రాస్తే అది పైకి చదివి వినిపిస్తుంది, అదీ ఆడగొంతుతో. "ఏమోయ్, టీ పెట్టు" అని ఆ గొంతు అంటే ఎవరో హెడ్మాస్టరమ్మ నన్ను బెంచీ ఎక్కించినట్టు ఉంటుంది. అయినా సర్దుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. మీ అన్నయ్యకి మాట్లాడేటప్పుడు మైకు వైరు చేతికి చుట్టుకునే అలవాటుంది కదా. టాబ్లెట్ చార్జర్ వైరు కూడా అలాగే చుట్టుకుని, పక్కింటాయన మీద కోపంగా ఏదో రాస్తూ ఒక్క లాగు లాగాడు. వైరు పిన్ను మెడ దగ్గర పుటుక్కున తెగింది. ఈ టాబ్లెట్ ఇప్పుడు తయారు చెయ్యడం లేదట, చార్జర్ కూడా దొరకదట. సన్నటి గుండ్రటి పిన్ను దానిది.

మన బిస్కెట్ డబ్బాలో ఏడు పాత చార్జర్లున్నాయి. ఏది దేని సంతానమో ఎవరికీ తెలీదు. అందులో రెండు దీని చిల్లులో చక్కగా దూరుతున్నాయి. నువ్వు నీళ్ళలోంచి కరెంటు పుట్టించేదానివి కాబట్టి అడుగుతున్నాను. ఏది గుచ్చమంటావు? తొందరగా రాయి. మిగిలిన చార్జింగు కొంచెమే. నిన్న అందులో సగం టీలో చక్కెర తక్కువైందని చెప్పడానికి ఖర్చుపెట్టాడు.

నోట్లో గుండుసూదులతోనే,
వదిన

*

మార్చి 8

గుండుసూదుల వదినకి,

ఏదీ గుచ్చకు! దూరింది కదా అని గుచ్చేస్తే ఎలా? పక్కింటి తాళంచెవి మనింటి తాళంలో దూరినంత మాత్రాన ఆ ఇల్లు మనదైపోతుందా?

అన్నయ్య గొంతు సంగతి చదివి మనసు పాడైంది. ఇంత జరిగితే నాకు ఉత్తరంలో, అదీ చార్జర్ కోసం రాస్తూ చెబుతావా? ముందే చెప్పుంటే వచ్చి ఆపరేషన్ గది తలుపు ముందు కూర్చునేదాన్ని. ఇక్కడ పని ఫోను ఒకటుంది, అది గేట్లు ఎత్తమనీ దించమనీ చెప్పడానికే. చార్జర్ కోసం వాడితే పై ఆఫీసరు ముందు నన్ను దించేస్తాడు. అందుకే ఈ ఉత్తరాలు.

సరే, చెప్పింది చెయ్యి. టాబ్లెట్ వెనక సన్నటి అక్షరాలుంటాయి. అందులో వోల్టులు ఎన్నో, ఆంపియర్లు ఎన్నో చూడు. ఆ తర్వాత చార్జర్ల మీద కూడా అవే చూడు. కళ్ళజోడు పెట్టుకుని చూడు. అవి నాకు రాసి పంపు. నేను సరే అనేదాకా ముట్టుకోవద్దు.

తెగిన వైరుని దారంతో కట్టి, టేపు చుట్టి వాడాలని నీకు తప్పకుండా అనిపిస్తుంది. వద్దు. అది చొక్కా కాదు రఫ్ఫు కొట్టడానికి, వేడెక్కి అంటుకుంటుంది.

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. మా అన్నయ్య నోరు మూతపడ్డందుకు నీకు లోలోపల హాయిగా లేదు కదా? పెళ్ళయినప్పటి నుంచీ ఆయన మాట్లాడితే నువ్వు "ఊఁ" అనడం తప్ప నేను వినలేదు. ఊరికే అడిగానులే.

నీ ఆడపడుచు,
పిడుగు

*

మార్చి 11

అర్ధమొగుడు ఆడపడుచుకి,

ఊరికే అడిగావా? నోట్లో గుండుసూదులు పెట్టుకుని కుట్టుపని చేసే మనిషి "ఊఁ" అనక ఉపన్యాసం చెప్తుందా? నోరు తెరిస్తే సూదులు గొంతులోకి పోతాయి. అప్పుడు ఇంట్లో ఇద్దరం మూగవాళ్ళం అవుతాం, నువ్వొచ్చి మాకు టీ పెట్టాలి.

సరే, నీ అక్షరాలు చూశాను. అవి చీమలు కూడా కళ్ళజోడు పెట్టుకుని చదవాల్సిన అక్షరాలు. బటన్లు వెతికే భూతద్దం పెట్టి చూస్తే కనబడ్డాయి. టాబ్లెట్ వెనక 5 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంది. రెండు చార్జర్ల మీదా 100 నుంచి 240 వోల్టులు అని ఉంది! ఐదు తాగే పిల్లకి రెండొందల నలభై పడతాయట. వీటిని మన డబ్బాలోకి ఎవరు తెచ్చి పెట్టారో గానీ వాళ్ళని పోలీసులకి పట్టించాలి.

భయపడి బజారుకి వెళ్ళాను. ఫోన్ల కొట్టాయన ఒకటిచ్చాడు. "ఇది అన్నిటికీ పనికొస్తుందమ్మా" అన్నాడు. అన్నిటికీ పనికొచ్చేది దేనికీ పనికిరాదని మా కుట్టుపనిలో ఒక మాటుంది. చేత్తో పట్టుకుంటే లోపల ఏమీ లేనట్టు తేలిపోయింది. దాని మీద అక్షరాలే లేవు. తిరిగిచ్చేశాను. మంచి పని చేశానా?

నీకు మొదటి ఉత్తరం రాసిన మర్నాడే టాబ్లెట్ కళ్ళు మూసింది. దాని చివరి మాట "ఏమోయ్, ఆ కిటికీ". కిటికీ ఏం చెయ్యమన్నాడో ఇప్పటికీ తెలీదు. మా ఇంట్లో ఉన్నది బటన్ల ఫోను, అది చదివి వినిపించదు. కాబట్టి కాగితాల మీద పడ్డాడు. నేను మెషిన్ తొక్కుతుంటే రాసిన కాగితం తెచ్చి నా కళ్ళకీ సూదికీ మధ్య పెడతాడు. ఒకటి సూది కిందకే జారిపోయింది, నేను చూసుకోలేదు. బ్యాంకాయన చొక్కా కాలరులో పెట్టి కుట్టేశాను. ఆయన ఆఫీసులో మెడ గుచ్చుకుంటోందని విప్పదీయిస్తే లోపల "టీ ఇస్తావా ఇవ్వవా?" అని ఉందట. ఆయన భార్య వచ్చి అది ఎవరి రాత అని అడిగింది. చెప్పి నమ్మించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

ఆ రోజు నుంచీ కాగితాలూ పెన్సిళ్ళూ బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇప్పుడు మీ అన్నయ్య చేతులతో మాట్లాడుతున్నాడు. నిన్న రెండు చేతులూ గాల్లో ఆడించాడు. పక్షులనుకున్నాను. దుప్పటి అట.

త్వరగా చెప్పు తల్లీ. ఆయన పెదాలు కదులుతున్నాయి. ఇవాళ కాకపోతే రేపు గుసగుస మొదలుపెడతాడు.

వదిన

*

మార్చి 14

వదినకి,

తేలిపోయే చార్జర్ తిరిగిచ్చేసినందుకు నీకు నూటికి నూరు మార్కులు. మిగతా దానికి సున్నా.

ఆ 100 నుంచి 240 అనేది గోడలోంచి చార్జర్ తీసుకునేది! దాన్ని ఇన్‌పుట్ అంటారు. దాని కిందే అవుట్‌పుట్ అని ఇంకో వరస ఉంటుంది. టాబ్లెట్‌కి ఇచ్చేది అదే. అది చూడు. గోడ ఎంత ఇస్తే మనకేం, చార్జర్ ఎంత వడ్డిస్తుందన్నది ముఖ్యం. పక్కనే చిన్న గుండ్రం బొమ్మలో ప్లస్ గుర్తు మధ్యలో ఉందో లేదో కూడా చూడు. మన టాబ్లెట్ మీద బొమ్మా చార్జర్ మీద బొమ్మా ఒకేలా ఉండాలి.

నీకు అర్థమయ్యేలా చెప్తాను. వోల్టులంటే చొక్కా సైజు అనుకో. ఐదు సైజు మనిషికి ఐదు సైజు చొక్కా. ఆంపియర్లు టాబ్లెట్ అడిగినన్ని ఉండాలి, ఇంకా ఎక్కువున్నా నష్టం లేదు. తక్కువైతే చార్జర్ ఆయాసపడి వేడెక్కిపోతుంది. అంతే. నీ భాషలోనే చెప్పాను కాబట్టి ఇక అనుమానం ఉండకూడదు.

చార్జింగు పెట్టినప్పుడు టాబ్లెట్‌ని దిండు కింద పెట్టనివ్వకు, గుడ్డల కుప్ప మీద అసలు పెట్టకు. ఉత్త బల్ల మీద, గాలి తగిలేలా ఉండాలి. మీ ఇంట్లో గుడ్డ లేని బల్ల ఉందా అసలు?

ఇక రెండో సంగతి. సామాన్ల బండి డ్రైవరు నోట్లో నువ్వు గింజ నానదని నీకు తెలుసు. నువ్వు వీధి కుళాయి దగ్గర నలుగురితో "మా ఇల్లిప్పుడు గుడ్డ పడినా వినబడేంత ప్రశాంతంగా ఉంది" అన్నావట. కాగితాలు బీరువాలో, తాళం నీ నడుముకి, టాబ్లెట్ నిద్రలో. నాకేమీ అనుమానం లేదు వదినా. కానీ ఎవరైనా చూస్తే, ఆయన మాట్లాడకుండా నువ్వు అన్ని తలుపులూ వేస్తున్నావని అనుకోరా? ఉన్న మాటంటే ఉలుకెక్కువంటారు. ఉలకవని నమ్ముతున్నాను.

పిడుగు

*

మార్చి 18

ఆడపడుచు గారికి,

ఉలికాను. బాగా ఉలికాను. అందుకే "గారు" అని రాశాను, గమనించు. ఆ డ్రైవరుకి నేను రెండు ప్యాంట్లు ఊరికే కుట్టిచ్చాను. ఇంక వాడి జిప్పు ఊడినా నేను ముట్టుకోను.

నువ్వు అడిగినవన్నీ రాస్తున్నాను. మన చిల్లులో దూరే రెండు చార్జర్లలో ఒకటి నువ్వు కానుకిచ్చిన పక్షి కూతల గడియారానిది. దాని అవుట్‌పుట్ 5 వోల్టులు, సగం ఆంపియరు. రెండోది ఏ రేడియోదో, 9 వోల్టులు, 2 ఆంపియర్లు. గుండ్రం బొమ్మలు రెండిటికీ టాబ్లెట్ మీద ఉన్నట్టే ఉన్నాయి.

ఆంపియర్లు తక్కువ ఉండకూడదన్నావు కాబట్టి మొదటిది పోయింది. మిగిలింది తొమ్మిది వోల్టులది. ఐదు సైజుకి ఐదు సైజే అన్నావు. అమ్మా, నీకు నీళ్ళూ గేట్లూ తెలుసు, సైజుల గురించి నాకు చెప్పకు. అచ్చంగా ఒంటి కొలతకి కుట్టేవాళ్ళని మా పనిలో మూర్ఖులంటారు. చెయ్యెత్తితే చంక చిరుగుతుంది. ఎప్పుడూ రెండు వేళ్ళ వదులు పెట్టాలి. ఎదిగే పిల్లలకైతే ఇంకా ఎక్కువ పెట్టాలి, తర్వాత కావాలంటే లోపలికి మడిచి కుట్టుకోవచ్చు. బిగుతు చొక్కా ఎవరూ పెద్దది చెయ్యలేరు. ఐదుకి తొమ్మిది కాస్త ఎక్కువే గానీ వదులే నయం.

స్కూలు యూనిఫారాలు ఆదివారం పొద్దున్నకి ఇవ్వాలి. అవి ఇచ్చేశాక గుచ్చుతాను. అప్పుడు మీ అన్నయ్య తనంతట తనే నీకు చెప్పుకుంటాడు, నేను ఆయన నోరు మూయించానో తెరిపించానో.

ఇట్లు,
మీ వదిన గారు

*

మార్చి 20

వదినా!

పెట్టకు! పెట్టకు! పెట్టకు!

టాబ్లెట్ ఎదగదు వదినా! అది స్కూలు పిల్ల కాదు! ఐదంటే ఐదే. తొమ్మిది పెడితే లోపల కాలిపోతుంది, బ్యాటరీ ఉబ్బినా ఉబ్బుతుంది. తప్పు నాదే. కుట్టుపని తెలియనిదాన్ని చొక్కా సైజని నీకే పాఠం చెప్పబోయాను.

ఈ ఉత్తరం మోసే సామాన్ల బండి సోమవారం గానీ కొండ దిగదు. నువ్వేమో ఆదివారం అంటున్నావు. కాలు కాలిన పిల్లిలా తిరిగి తిరిగి, ఆఫీసరు భోజనానికి వెళ్ళినప్పుడు పని ఫోను ఎత్తాను. మీ నంబరు కొట్టాను. ఎవరో ఎత్తారు. "వదినా" అన్నాను. జవాబు లేదు, ఊపిరి వినబడింది. "అన్నయ్యా?" అన్నాను. ఊపిరి గట్టిగా వినబడింది. "తొమ్మిది వోల్టులది వద్దని వదినకి చెప్పు" అని మూడుసార్లు అరిచాను. అవతల గిన్నె మీద గరిటెతో కొట్టినట్టు టంగు టంగుమంది. సరేనని అర్థమో, ఎలా చెప్పనని అర్థమో తెలీదు. ఇంతలో ఆఫీసరు వచ్చాడు. "గేటు ఎత్తమన్నారా?" అని అడిగాడు. లేదు, గరిటె ఎత్తారు అని చెప్పలేక ఫోను పెట్టేశాను.

సన్నటి గుండ్రటి పిన్నున్న సరైన చార్జర్ ఇక్కడి స్టోరులో ఇవాళే దొరికింది, ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఈలోగా అన్నయ్య తెలివిగలవాడు, ఎలాగోలా నీకు చెప్తాడు. చెప్తాడు కదా?

పిడుగు

*

మార్చి 22, ఆదివారం

పిడుగూ,

నీ ఉత్తరమేదైనా దారిలో ఉందేమో తెలీదు. ఇది ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. డాక్టరు వస్తున్నాడట, ఇంకా రాలేదు. కోపం సంగతి తర్వాత చూసుకుందాం.

శుక్రవారం నేను బజారు నుంచి వచ్చేసరికి మీ అన్నయ్య చేతిలో గరిటె ఉంది. నన్ను చూడగానే తొమ్మిది వేళ్ళు చూపించి తల అడ్డంగా ఊపాడు. పది మంది భోజనానికి వస్తామని ఒకళ్ళు మానేశారేమో అనుకున్నాను. టాబ్లెట్ చూపించాడు, తొమ్మిది వేళ్ళు చూపించాడు, బుగ్గలు పూరించి చేతులు విసిరాడు. "తొమ్మిదే పెడతానండీ, అంత సంబరం ఎందుకు, ఆదివారం దాకా ఆగండి" అన్నాను. తల గోడకేసి కొట్టుకున్నాడు. బీరువా తాళం కోసం నా చుట్టూ తిరిగాడు. మళ్ళీ కాలర్లలో కాగితాలు పెట్టిస్తాడని ఇవ్వలేదు. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే నాలుగు మొట్టుకోవాలనిపిస్తోంది.

ఇవాళ యూనిఫారాలు ఇచ్చేసి వచ్చి చార్జర్ తీశాను. ఆయన ప్లగ్గుకి అడ్డంగా, చేతులు చాపి నిలబడ్డాడు. ఆ కళ్ళు చూస్తే నాకూ కాస్త జంకు పుట్టింది. కొత్త కొలత ఏదైనా సరే ముందు పాత గుడ్డ మీద కత్తిరించి చూడడం నా అలవాటు. అందుకని "సరే, ముందు వేరే దాని మీద చూస్తాను" అన్నాను. నీ పక్షి గడియారం కూడా ఐదు సైజే కదా. దానికి గుచ్చాను.

ముందు బాగానే కూసింది. తర్వాత పక్షి గబగబా కూయడం మొదలుపెట్టింది. గంట తర్వాత గంట, ఊపిరి తీసుకోకుండా, రేపటి గంటలు కూడా కూసేసింది. తర్వాత దాని ముక్కులోంచి పొగ వచ్చింది. నేను కొయ్యలా నిలబడిపోయాను, చెయ్యి ముందుకు రాలేదు. అప్పుడు మీ అన్నయ్య అరిచాడు.

"తీసెయ్యవోయ్!"

బస్టాండు గొంతు. గాజు గ్లాసులు గలగలమన్నాయి. ఎదురింటాయన సంచీ పట్టుకుని వీధిలోకి పరిగెత్తుకొచ్చి ఏ బస్సు వెళ్ళిపోతోందని అడిగాడు. నేను ప్లగ్గు పీకేశాను. వెనక్కి తిరిగితే ఆయన రెండు చేతులతో నోరు మూసుకుని కింద కూర్చుని ఉన్నాడు. కళ్ళ నిండా నీళ్ళు. నా కోసం అరిచాడు పిడుగూ. నా చెయ్యి కాలుతుందని అరిచాడు.

నువ్వు అడిగావు కదా హాయిగా ఉందా అని. కుళాయి దగ్గర ఇల్లు ప్రశాంతంగా ఉందని అన్నాను, నిజమే. ఏడుస్తూ అన్నాను. ఆ సంగతి డ్రైవరుకి ఎవరూ చెప్పలేదు కాబోలు. నా మెషిన్ చప్పుడు నాకు ఎప్పుడూ వినబడేది కాదు. ఆయన ఏదో ఒకటి చెబుతూనే ఉండేవాడు. ఆపరేషన్ అయిన మర్నాడు మొదటిసారి విన్నాను. టకటకటక. ఏదో చెడిపోయిందనుకుని ఆపేసి నూనె వేశాను.

డాక్టరు వస్తున్నాడు. ఆ గొంతు పోతే నన్ను నేను క్షమించుకోలేను. ఉంటాను.

వదిన

*

మార్చి 26

వదినా,

నీ ఉత్తరం చదివి జనరేటర్ల పక్కన కూర్చుని ఏడ్చాను. ఆ హోరులో ఎవరికీ వినబడదు, ఏడవడానికి మంచి చోటు. నన్ను క్షమించు. డ్రైవరు చెప్పిన సగం మాట పట్టుకుని నీ మీద నిందేశాను. దూరంగా ఉన్నవాళ్ళకి పనీపాటా ఉండదు, అనుమానమే పని. అన్నయ్య ఫోను రాకపోతే నాకూ ఇక్కడ సాయంత్రాలు గడవడం లేదు. ఆ కోపమంతా నీ మీద తీర్చుకున్నాను.

నువ్వు ముందు గడియారం మీద పెట్టి చూశావు చూడు, దాని వల్లే ఆ టాబ్లెట్ బతికింది. లేకపోతే పొగ దాని ముక్కులోంచి వచ్చేది. గడియారం పోతే పోనీ, ఇంకోటి కొనిస్తాను.

సోమవారం పంపిన చార్జర్ చేరే ఉంటుంది. 5 వోల్టులు, 3 ఆంపియర్లు. టాబ్లెట్‌కి రెండే చాలు, మూడున్నా అది రెండే తీసుకుంటుంది. పంపే ముందు మీటరు పెట్టి నేనే కొలిచాను. మొదట గంటసేపు దగ్గరే ఉండి చెయ్యి పెట్టి చూడు. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే తీసెయ్యి. అన్నయ్య చేతికి చుట్టుకోకుండా వైరు పొట్టిది ఏరి మరీ పంపాను.

డాక్టరు ఏమన్నాడు? గేటు దగ్గర నిలబడి బండి కోసం చూస్తున్నాను.

నీ పిడుగు

*

ఏప్రిల్ 5

మా ఇంటి పిడుగుకి,

ముందు డాక్టరు సంగతి. గొంతులోకి అద్దం పెట్టి చూశాడు, లైటు వేసి చూశాడు, నా వైపు చూశాడు. గాయం అప్పటికే మానిందట, ఒక్క అరుపుకి చెడలేదట. "ఇంకోసారి ఇలాంటి ప్రయోగాలు చెయ్యకండి" అన్నాడు. ఎవరితో అన్నాడో అందరికీ అర్థమైంది. ఇంకొన్నాళ్ళు మౌనంగా ఉండమన్నాడు.

నీ చార్జర్ దివ్యంగా ఉంది. ఉత్త బల్ల మీద పెట్టాను. మా ఇంట్లోనూ ఒకటుంది, గుడ్డలు తీసేస్తే బయటపడింది. గోరువెచ్చగా ఉంటోంది, అంతే. కానీ పిల్లా, మొదటే సరిగ్గా చెప్పి ఉంటే ఈ రభస ఉండేది కాదుగా. వోల్టులంటే చొక్కా సైజు కాదు, గుండీకి కాజా. గుండీకి కాజా వదులు పెడతామా? ఊడిపోతుంది. ఇక ఆంపియర్లంటే గుడ్డ తాను. తాను ఎంత పెద్దదైనా చొక్కాకి కావలసినంతే కత్తిరిస్తాం, చిన్నదైతే చొక్కానే రాదు. ఈసారి ఎవరికైనా చెప్పాల్సివస్తే ఇలా చెప్పు.

శుక్రవారం డాక్టరు "ఇక మాట్లాడొచ్చు, మెల్లగా ఒక్క మాట అనండి" అన్నాడు. ఆ రోజు అరుపు లెక్కలోకి రాదు. ఇన్నాళ్ళ తర్వాత మొదటి మాట, నన్నే పిలుస్తాడనుకున్నాను. మీ అన్నయ్య చాలాసేపు ఆలోచించి, మెత్తగా, చక్కటి గొంతుతో, "ఆ పక్షి పీడ విరగడైంది" అన్నాడు. నువ్వు బాధపడకు. ఇంకోటి మాత్రం కొనకు.

సోమవారం నుంచి ఉద్యోగానికి వెళ్తాడు. టాబ్లెట్ తిరిగి తీసుకోమంటే డిపో వాళ్ళు ఉంచుకోమన్నారు. దాంతో ఇంక ఏం పని అనుకుని బల్ల మీద వదిలేశాను.

నిన్న మధ్యాహ్నం నేను కాలరుకి గుండుసూదులు పెడుతున్నాను. నోటి నిండా సూదులే. ముందు గదిలోంచి "ఏమోయ్!" అని కేక వేశాడు. డాక్టరు మెల్లగా అన్నది అప్పుడే మర్చిపోయాడు. ఎప్పటిలా "ఊఁ" అనబోయి, పక్కనే ఉన్న టాబ్లెట్ చూశాను. ఒక వేలితో రాశాను. అది గట్టిగా చదివింది. "వస్తున్నా. అరవకండి."

 మీ అన్నయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "నువ్వేనా?" అన్నాడు. "నేనే" అంది టాబ్లెట్. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. "ఇంకేమైనా చెప్పేదుందా?" అని అడిగాడు.

ఉంది పిడుగూ. ఇన్నేళ్ళు ఆయన చెప్పినవాటన్నిటికీ జవాబులు సూదుల వెనకాలే ఉండిపోయాయి. మొదటి రోజు నుంచీ వరసగా మొదలుపెట్టాను. ఆయన ఒక్క మాట అడ్డురాకుండా విన్నాడు, రెండుసార్లు నవ్వాడు, ఒకసారి కళ్ళు తుడుచుకున్నాడు. సాయంత్రానికి చార్జింగు మొత్తం అయిపోయింది. నీ చార్జర్ తెచ్చి ఆయనే గుచ్చాడు.

ఇప్పటికి మా పెళ్ళయిన రెండో ఏడాది దాకా వచ్చాను.

వదిన